కొత్త చేపకు నలభై రోజుల కాపలా

ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల జతను కొన్న రైతు ఇంటికి రాగానే వాటికి కాడి కట్టడు. కొనేటప్పుడే పళ్లు చూసి ఉంటాడు. నాలుగడుగులు నడిపించి చూసి ఉంటాడు. అయినా సరే, పాత పశువుల పక్కన కట్టకుండా కాస్త ఎడంగా గుంజ పాతుతాడు. మేత ముట్టిందా, నెమరు వేస్తోందా, ముట్టె చెమ్మగా ఉందా, పేడ ఎలా వేసింది... కొన్నాళ్లు ఇదే ధ్యాస. ఎందుకంటే అది నోరు లేని జీవి. తన బాధ తాను చెప్పుకోలేదు. చూసేవాడి కంటికే తెలియాలి.

ఈ పాఠం పశువుల కొట్టానికే కాదు, గాజు తొట్టెలో ఈదే సముద్రపు చేపకూ అచ్చంగా సరిపోతుంది. కాకపోతే ఇక్కడ కాపలా నాలుగు రోజులతో తీరదు. కనీసం నలభై రోజులు!

ఆదోనిలో ఒక ఇంటిని ఊహించుకుందాం. తాత ఒకప్పుడు సేద్యం చేసినవాడు. కొడుక్కి ఊళ్లో బట్టల షాపు. పదేళ్ల మనవరాలు. హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం. అందులో మూడేళ్లుగా పెరుగుతున్న క్లౌన్ ఫిష్ జంట. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా పుణ్యమా అని పిల్లలందరికీ తెలిసిన చేపే... నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలు. ఆ జంటకు తోడుగా ఇప్పుడు ఇంకో చేప రావాలి. నీమో పక్కన డోరీ ఉండాలని మనవరాలి పట్టు. కానీ అందరూ డోరీ అని పిలుచుకునే ఆ నీలి రంగు ట్యాంగ్ పెరిగితే దాదాపు అడుగు పొడవవుతుంది. పగలంతా అటూ ఇటూ ఈదుతూనే ఉంటుంది. నాలుగడుగుల తొట్టె దానికి చెరసాలే. అందుకే ఇంటాయన ఫైర్ ఫిష్ తెచ్చాడు. ముందు సగం పాల తెలుపు, వెనక సగం నిప్పు ఎరుపు, వీపు మీద జెండాకర్రలా నిలబడే పొడవాటి రెక్క. అంతా కలిపి వేలెడంత చేప.

పాప చప్పట్లు కొట్టింది. సంచి విప్పి చేపను పెద్ద తొట్టెలో వదలడమే తరువాయి. అక్కడే ఇంటాయన ఆగాడు. లోపలి గదిలో ముందే సిద్ధం చేసి ఉంచిన చిన్న తొట్టె వైపు నడిచాడు.

సముద్రం లేని చోట సముద్రం

ఆదోనికి ఏ సముద్రమూ దగ్గర కాదు. తూర్పున బంగాళాఖాతమైనా, పడమట అరేబియా సముద్రమైనా తిన్నగా గీత గీసి కొలిచినా 300 కిలోమీటర్లు దాటుతుంది. అయితే ముంబయి, చెన్నైలను కలిపే రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆ దారికి ఒక కొసన 1951లో తారాపోరేవాలా అక్వేరియం తెరిచిన మహానగరం ఉంది. ఇంకో కొసన రంగుచేపల వ్యాపారానికి పేరుమోసిన కొళత్తూరు ఉంది. సముద్రపు చేప ఆదోని దాకా రావడం పెద్ద విచిత్రమేమీ కాదు. వచ్చిన తర్వాత అది బతికి బట్టకట్టడమే విచిత్రం.

ఎందుకంటే చేపను తెస్తే చాలదు. సముద్రాన్నీ తేవాలి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వంటింటి ఉప్పు కలిపితే ఆ నీరు తయారవదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివన్నీ తగు పాళ్లలో ఉండాలి. లండన్‌లో ఆనా థిన్ అనే ఆవిడ 1846లో పగడపు జీవుల్ని ఇంట్లో పెంచడానికి సముద్రం నుంచి నీళ్లు తెప్పించుకునేది. నీటికి గాలి తగిలేలా పనిమనిషి చేత కిటికీ దగ్గర ఈ పాత్రలోంచి ఆ పాత్రలోకి పోయించేదట! తర్వాత 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త లవణాలను కలిపి కృత్రిమంగా సముద్రపు నీటిని తయారుచేసే పద్ధతి చెప్పాడు. నేడు ఆదోనిలో ఒక ఇంటాయన ప్యాకెట్ చింపి, ఆర్‌వో నీళ్లలో ఉప్పు పొడి కలుపుతున్నాడంటే ఆ దారి వేసింది వాళ్లే.

చేపకు ఇది ప్రాణసంకటం కూడా. మంచినీటి చేప ఒంట్లోకి నీరు తనంతట తానే చేరుతుంది. సముద్రపు చేపకు ఇది తిరగబడుతుంది. చుట్టూ ఉన్న ఉప్పునీరు దాని ఒంట్లోని నీటిని లాగేస్తూ ఉంటుంది. అందుకని అది ఎప్పుడూ నీళ్లు తాగుతూనే ఉండాలి. తాగిన నీటిలోని ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ ఉండాలి. చర్మం గీసుకుపోయినా, మొప్పలు దెబ్బతిన్నా ఈ లెక్క తప్పుతుంది. చుట్టూ నీళ్లే ఉన్నా చేప ఒళ్లు ఎండిపోతుంది.

మొదటి రోజు

చిన్న తొట్టెలో అందమేమీ ఉండదు. ఇసుక లేదు, రాళ్లు లేవు. ఒక హీటర్, ఒక థర్మామీటర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు. ఒక స్పాంజి ఫిల్టర్... అదీ నెల రోజులుగా పెద్ద తొట్టెలో నానబెట్టింది. చేప విసర్జించే అమ్మోనియాను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో కాపురం పెట్టడానికి అన్ని రోజులు పడుతుంది. అవి లేని కొత్త నీళ్లు పైకి ఎంత తేటగా ఉన్నా చేపకు విషమే. పైన మూత తప్పనిసరి. ఫైర్ ఫిష్ బెదిరితే బాణంలా పైకి దూకుతుంది. మూత లేకపోతే తెల్లారేసరికి నేల మీద దొరుకుతుంది.

సంచిని పావుగంట నీళ్లపై తేలనిచ్చాడు, లోపలి వేడి, బయటి వేడి సమానం కావాలని. మూతి విప్పాక మాత్రం తాత్సారం చేయలేదు. గంటల తరబడి ప్రయాణం చేసిన సంచిలో అమ్మోనియా పేరుకుపోయి ఉంటుంది. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల ఆ నీరు కాస్త ఆమ్లంగా మారి, అమ్మోనియా విషాన్ని అణచిపెడుతుంది. సంచి విప్పగానే వాయువు ఎగిరిపోతుంది. విషం మేల్కొంటుంది. అందుకే చిన్న తొట్టెలో ఉప్పదనాన్ని సంచి నీటికి సరితూగేలా ముందే పెట్టుకుని, చేపను మాత్రమే లోపలికి వదిలాడు. సంచి నీళ్లు తూములోకి పోయాయి.

లైటు ఆర్పేశారు. చేప పైపులో దూరింది. పాప అరగంట చూసి విసుక్కుంది.

‘‘ఏం నాయనా, ఇది బయటికే రాదే? జబ్బు చేసిందా?’’

దాక్కోవడం జబ్బా? స్వభావమా?

పాప అడిగింది చిన్న ప్రశ్న కాదు. కొత్త చేపను కనిపెట్టుకుని ఉండటంలోని కష్టమంతా అందులోనే ఉంది. ఫైర్ ఫిష్ అడవిలో... అంటే దాని సముద్రంలో... పగడపు దిబ్బల పక్కన చిన్న బొరియ చూసుకుని, దానికి కాస్త పైన నీటి వాలుకు ఎదురుగా నిలబడి, కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని ఏరుకు తింటుంది. నీడ కదిలితే చాలు, బొరియలో ఉంటుంది. దాక్కోవడం దానికి ఆరోగ్యమే. అదే పగలంతా ఈదే ట్యాంగ్ మూల నక్కి ఉంటే అనుమానించాలి. కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది జబ్బుల జాబితా కాదు. ఆ చేప మామూలుగా ఎలా ఉంటుందో తెలియాలి. బాగున్నప్పటి తీరు తెలిస్తేనే బాగోలేనప్పటి తేడా పట్టుబడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రంలో నీరసపడిన చేపనే వేటాడే చేప ముందుగా పట్టుకుంటుంది. అందుకని బాధను బయటపెట్టకపోవడం చేపల రక్తంలోనే ఉంది. పైకి తెలిసేసరికి జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

అందుకే ఒక నోటు పుస్తకం పుట్టింది. పాప చేతికి పెన్సిల్, తాత చేతికి గడియారం. చేప కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో లెక్కపెట్టాలి. రోజూ ఒకే వేళ, మేత వేయకముందు. అంకె ఎంతన్నది కాదు ముఖ్యం. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా అన్నదే ముఖ్యం. వేగం పెరుగుతోందంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందో, అమ్మోనియా పెరిగిందో, మొప్పల్లో పరాన్నజీవి చేరిందో... ఏదో ఒకటి జరుగుతోందని అర్థం.

తర్వాత కళ్లు. తేటగా ఉన్నాయా, పొర కమ్మిందా? ఒక కన్ను ఉబ్బితే దెబ్బ తగిలి ఉండొచ్చు. రెండూ ఉబ్బితే లోపల ఏదో తేడా. తర్వాత రెక్కలు. విప్పుకుని ఉన్నాయా, ఒంటికి అతుక్కుపోయాయా? పైపుకేసి ఒళ్లు రుద్దుకుంటోందా? కడుపు లోపలికి పీక్కుపోయిందా? మలం తెల్లటి దారంలా వస్తోందా? ఇవన్నీ చూశాక మేత. మొదటి రోజు తినకపోతే కంగారు పడక్కర్లేదు. మూడో రోజూ ముట్టకపోతే ఆలోచించాలి.

ఈ చేప రెండో రోజు సాయంత్రం తల బయటపెట్టింది. మూడో రోజు ఆర్టీమియాను నోట కరిచింది. కోస్తా హేచరీల్లో రొయ్య పిల్లలకు పెట్టే ఆర్టీమియానే ఇది. ‘తినింది’ అని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుంది పాప.

మచ్చలు మాయమైన రోజు

ఆరో రోజు పొద్దున తోక దగ్గర మూడు తెల్లటి చుక్కలు. ఉప్పు రవ్వలు అంటుకున్నట్టు.

సముద్రపు చేపలు పెంచేవారికి ఈ చుక్కలంటే గుండె దడ. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి పని ఇది. ఇంకా చిన్నగా, బంగారు పొడి చల్లినట్టు ఉంటే అది అమైలూడినియం. దానికి రోజుల వ్యవధిలోనే ప్రాణాలు తీసే గుణం ఉంది. ఉప్పు రవ్వల జబ్బు కాస్త నిదానం. కానీ మాయలమారి.

తొమ్మిదో రోజుకు చుక్కలు లేవు! చేప మునుపటి కంటే చురుగ్గా తింటోంది. ఇంట్లో అందరి మొహాలూ విప్పారాయి. ‘‘తగ్గిపాయె కదా, ఇంక పెద్ద తొట్టెలో ఏస్తే సరి’’ అంది ఇల్లాలు. ఆవిడ తొందరకు కారణం ఉంది. శ్రావణం వచ్చింది. ఆదివారం ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్లి, రాత్రి అక్కడే నిద్ర చేసి రావాలని అనుకున్నారు. చిన్న తొట్టెను వదిలి వెళ్లాలంటే బెంగ. పెద్ద తొట్టెలో ఒక రోజు ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదు.

ఇంటాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. చుక్కలు పోవడమంటే జబ్బు పోవడం కాదు మరి. ఆ పరాన్నజీవి చేప ఒంటి మీద మూడు నుంచి ఏడు రోజులు మేసి, తనంతట తానే కిందికి రాలుతుంది. తొట్టె అడుగున గుల్ల కట్టుకుని లోపలే చీలికలవుతుంది. ఆ గుల్ల పగిలితే వందల సంఖ్యలో పిల్లలు ఈదుకుంటూ చేపను వెతుక్కుంటూ వస్తాయి. ఈసారి మూడు చుక్కలుండవు, ఒళ్లంతా చుక్కలే. కొన్ని గుల్లలు మూడు రోజులకే పగులుతాయి. కొన్ని 70 రోజుల దాకా ఆగుతాయి. చేపకు తగ్గిందని ఇంట్లో వాళ్లు సంబరపడే రోజే నిజానికి జబ్బు విత్తనం వేసుకుంటున్న రోజు.

ఆ రోజున చేపను పెద్ద తొట్టెలో వదిలి ఉంటే? మూడేళ్ల నుంచి ఉన్న క్లౌన్ ఫిష్ జంటకు అంటుకునేది. మందు వేద్దామంటే పెద్ద తొట్టెలో కుదరదు. ఈ జబ్బుకు వాడే రాగి మందు నత్తలను, రొయ్యలను చంపేస్తుంది. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చేసుకుంటాయి. చేపలన్నిటినీ పట్టి బయట వైద్యం చేస్తూ, పెద్ద తొట్టెను పదకొండు వారాల పాటు చేపే లేకుండా ఖాళీగా ఉంచాలి.

తాతకు పరాన్నజీవి పేరు నోరు తిరగలేదు. కానీ విషయం ఇట్టే అర్థమైంది. ‘‘గాలికుంటు అంతే కదరా. సంతలో కొన్న ఎద్దు ఒకటే. కొట్టంలో పడుకునేటివి అన్నీ’’ అన్నాడు.

రొయ్య నేర్పిన పాఠం

ఈ లెక్క ఒక్క ఇంటిది కాదు. తెలుగు నేల ఒకసారి దీనికి భారీ మూల్యం చెల్లించింది. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరంలోని టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టింది. అది వైరస్, చేపల మీది చుక్కలు వేరే జీవి. పేర్లలోనే పోలిక. కానీ రెండూ కొత్తగా వచ్చిన జీవి వెంట, లేదా నీటి వెంట చొరబడేవే. ఆ అనుభవం ఊరికే పోలేదు. 2009లో విదేశీ వనామీ రొయ్యను దేశంలోకి అనుమతించినప్పుడు ఒక గట్టి షరతు పెట్టారు. విమానంలో వచ్చిన తల్లి రొయ్యలు నేరుగా హేచరీకి పోకూడదు. చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షల్లో గట్టెక్కాకే బయటికి రావాలి.

క్వారంటైన్ అనే మాట 2020లో మనందరి ఇళ్లలోకీ వచ్చింది. దాని పుట్టుక మాత్రం ఆరేడు వందల ఏళ్ల నాటిది. ప్లేగు రోజుల్లో, 1377లో రగూసా అనే రేవు పట్టణం కొత్తగా వచ్చినవారిని 30 రోజులు బయటే ఆపింది. తర్వాత అది నలభై అయింది. ఇటలీ వాళ్ల భాషలో నలభైని సూచించే మాట నుంచే ఈ పేరు వచ్చింది. మండల దీక్షలు చూసిన మనకు ఆ అంకె కొత్తేమీ కాదు.

వచ్చే వారం పోదాం

ఇంటాయన ఎంచుకున్నది మందు లేని దారి. పరాన్నజీవి గుల్ల పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కదా... ఆ మూడు రోజులు నిండకముందే చేపను ఆరబెట్టి శుభ్రం చేసిన ఇంకో తొట్టెలోకి, కొత్త ఉప్పునీటిలోకి మార్చేయడం. రాలిన గుల్లలన్నీ పాత తొట్టెలోనే మిగిలిపోతాయి. దాన్ని కడిగి ఎండబెడితే చస్తాయి. ఇలా వరసగా నాలుగుసార్లు. మారుస్తున్నప్పుడు పాత నీరు చుక్క కూడా వెంట రాకుండా చూడాలి. 40 లీటర్ల తొట్టెకు ప్రతిసారీ దాదాపు కిలోన్నర ఉప్పు. ఓపిక, ఖర్చు... రెండూ కావాలి.

చిక్కేమిటంటే రెండో మార్పిడి సరిగ్గా ఆదివారం రాత్రే పడింది. ఒక్క పూట ఆలస్యమైతే మొదటికొస్తుంది. ఇల్లాలు ఏమీ అనలేదు. సర్దిన సంచి వైపు మాత్రం ఒకసారి చూసింది. మధ్యలో అవ్వ కల్పించుకుంది.

‘‘స్వామి యాడికి పోతాడు? శ్రావణం ఇంకా ఉండనే ఉంది. ఇంట్లో నోరు లేనిది బాగలేకుంటే వచ్చే వారం పోదాం. ఆయనేమీ అనుకోడు.’’

అంతే, ప్రయాణం వాయిదా పడింది.

ఈ ప్రాంతానికి ఇంకో పరీక్ష ఎండ. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగడపు దిబ్బల చేపకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఉప్పునీటిలో అది ముందే తక్కువ. పైగా పొడి గాలికి తొట్టెలో నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. రోజురోజుకీ మిగిలిన నీరు చిక్కబడుతుంది. తగ్గిన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. కరెంటు పోయినప్పుడు గాలి పంపే చిన్న బ్యాటరీ పంపు దగ్గర పెట్టుకోవాలి. చేప జబ్బు చాలాసార్లు చేపలో ఉండదు, నీటిలో ఉంటుంది. అందుకే పుస్తకంలో మొప్పల లెక్క పక్కనే వేడి, ఉప్పదనం, అమ్మోనియా కూడా రాయాలి.

కొనేటప్పుడే సగం కాపలా పూర్తి చేయొచ్చు. దుకాణంలో చేప మన కళ్లెదుట తింటేనే కొనాలి. వీలైతే హేచరీలో పుట్టిన చేపనే అడగాలి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్, డామ్సెల్ లాంటి చేపలను సముద్రం నుంచి పట్టకుండానే పుట్టించే పద్ధతులు రూపొందించింది. తొట్టెలోనే కళ్లు తెరిచిన చేపకు గాజు గోడలు, పొడి మేత కొత్త కావు. సముద్ర గుర్రాలనో, పగడాలనో చూపిస్తే మాత్రం చేయి చాచకూడదు. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి.

నాలుగు మార్పిళ్లూ పూర్తయ్యాయి. చుక్కలు మళ్లీ రాలేదు. అయినా పెద్ద తొట్టెలోకి పంపలేదు. చూడటం ఆపలేదు. ఉరుకుంద వెళ్లి స్వామిని దర్శించుకుని వచ్చారు కూడా. అసలు కష్టం ఆ తర్వాతి రోజుల్లోనే ఉంది. జబ్బు కళ్ల ముందు ఉన్నప్పుడు ఎవరైనా కనిపెట్టుకుని ఉంటారు. అంతా బాగున్నట్టు కనిపించే రోజుల్లో, ఇంకా కొన్నాళ్లు చూద్దామని కూర్చోవడానికే మనసొప్పదు. మందులు మారుస్తూ, నీళ్లు కదిపేస్తూ, వలతో పట్టి చూస్తూ హడావుడి చేసేవాళ్లు బోలెడుమంది. చేపకు ఆ హడావుడే ఇంకో జబ్బు. రోజుకు పది నిమిషాలు చేతులు కట్టుకుని కదలకుండా చూడటం... అదే వైద్యంలో మొదటి సగం.

నలభై రోజులు దాటాక ఒక సాయంత్రం, హాల్లో లైట్లు ఆర్పేసి, ఫైర్ ఫిష్‌ను పెద్ద తొట్టెలోకి వదిలారు. క్లౌన్ ఫిష్ ఆడది ఒకసారి దూసుకొచ్చి, చూసి, వెనక్కి పోయింది. కొత్తది రాళ్ల మధ్య సందు వెతుక్కుంది. మర్నాడు పొద్దున బయటికొచ్చి, నీటి వాలుకు ఎదురుగా నిలబడి వీపు మీది రెక్కను టకటకా ఆడించింది.

పాప పుస్తకం తెరిచింది. మొప్పల లెక్క నిన్నటిదే. కళ్లు తేట. మచ్చల్లేవు. మేత తినింది. ఇంకేం రాయాలని నాయనను అడిగింది. ‘ఏమీ లేదు’ అని రాయమన్నాడు. ఇన్ని రోజులూ ఆ ఇంటిల్లిపాదీ ఎదురుచూసింది ఆ రెండు మాటల కోసమే.